పిల్లల బూట్లు సరే, మీ చెప్పుల సంగతేమిటి?



ఒంటిపూట బడులు మొదలైనప్పటి నుంచి నాకు గేటు డ్యూటీ. మధ్యాహ్నం పన్నెండున్నరకు బెల్లు కొట్టేసరికి మీరంతా బయట తారు రోడ్డు మీద నిలబడి ఉంటారు. వేపచెట్టు కింద పదిమందికే చోటు, మిగతావాళ్లు ఎండలోనే. చిన్నపిల్లల్ని అప్పజెప్పేటప్పుడు తల వంచక తప్పదు కదా, అలా మీ కాళ్లు నా కంట పడుతున్నాయి. మడమ దగ్గర అరిగి కాగితంలా పలచబడ్డ హవాయి చెప్పులు, పట్టీ ఊడితే పిన్నీసు పెట్టి నడిపిస్తున్నవి. ఒక అమ్మగారు రోజూ ఒక మడమ నేలకు ఆనించకుండా, బరువంతా రెండో కాలి మీద వేసి నిలబడతారు. ఆమె చేయి పట్టుకున్న పాప కాళ్లకు మాత్రం నిగనిగలాడే నల్ల బూట్లు.

శనివారం తెల్ల బూట్లు వేసుకురాలేదని డైరీలో ఎర్ర ఇంకుతో రాసేది నేనే. బిడ్డ కాళ్ల గురించి మీకు అన్ని నోటీసులూ పంపుతాం, మీ కాళ్ల గురించి ఎవరూ పంపరు. ఈ నెల ఇది ఆ నోటీసు అనుకోండి.

నాకు 28 ఏళ్లు. నలభై దాటినవాళ్ల కాళ్ల గురించి ఈ టీచరమ్మకేం తెలుసని మీరు అనుకోవచ్చు. నాకు తెలిసింది మా అమ్మ వల్ల.

మాది పులివెందుల. అమ్మకు ఆరేళ్లుగా షుగర్. రోజూ అరగంట నడవమని డాక్టరు చెప్పారు, నడిచేది. పోయిన ఎండాకాలం నేను సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక సాయంత్రం నడిచి వచ్చి గడప దగ్గర చెప్పులు విడిచింది. ఎడమ చెప్పులోంచి శనగగింజంత కంకర రాయి రాలింది. అరికాలు చూస్తే, అది ఒత్తుకున్న చోట బొబ్బ లేచి చితికి ఉంది. "నొప్పి తెలీలేదా?" అంటే "తెలీలేదే" అంది, నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోతూ. ఆ రాయితోనే ఆమె అరగంట నడిచింది.

మరుసటి రోజు డాక్టరు సన్నటి నైలాను పోగును అరికాలికి అక్కడక్కడా తాకించి "తెలుస్తోందా?" అని అడిగారు. కళ్లు మూసుకున్న అమ్మ కొన్నిచోట్ల జవాబే చెప్పలేదు. ఉత్త కాళ్లతో నడవొద్దనీ, వేళ్ల మధ్య పట్టీ ఉన్నవి మానేసి ఎంసీఆర్ చెప్పులు వాడమనీ రాశారు.

ఎంసీఆర్ అంటే మైక్రో సెల్యులార్ రబ్బరు. లోపల సన్నటి గాలి గదులతో మెత్తగా ఉండి, ఒత్తిడిని పాదమంతా పంచుతుంది. దీని వెనక కథ మనకు దగ్గరిదే. రాయలసీమలో పెద్ద జబ్బు చేస్తే "వేలూరు పోదాం" అంటాం కదా, ఆ వేలూరు సీఎంసీ ఆసుపత్రికి 1946లో డాక్టర్ పాల్ బ్రాండ్ అనే సర్జన్ వచ్చారు. కుష్ఠు రోగుల పాదాలు పుండ్లు పడి చెడిపోవడానికి అసలు కారణం స్పర్శ పోవడమేనని, దెబ్బ తగిలినా ఒత్తుకున్నా తెలియక నడుస్తూ ఉండడమేనని ఆయన గట్టిగా చెప్పారు. అలాంటి పాదాల కోసం అక్కడే మెత్తని రబ్బరు చెప్పులు చేయించారు. స్పర్శ తగ్గిన షుగర్ కాళ్లకూ ఇప్పుడు అదే సూత్రం.

సరే, చెప్పులు తెచ్చాం. నల్లటి వెడల్పు పట్టీలు, ముందు భాగం బాతు ముక్కులాగా. అమ్మ వాటిని ఒక్కసారి చూసింది. "ఇవి ఏసుకోని పెండ్లికి పోతే, ఏంమా కాళ్లకేమైంది అని పదిమంది అడుగుతారు. నేను ఏసుకోను మే" అని మంచం కిందికి తోసేసింది. కాళ్లు ముఖ్యమా, సోకు ముఖ్యమా అని నేను పెద్ద లెక్చరే ఇచ్చాను, నైన్త్ క్లాసుకు ఇచ్చినట్టు. రెండు వారాలు అవి మంచం కిందే ఉన్నాయి. ఆమె పాత హవాయిలతోనే నడిచింది.

నా లెక్చర్ తప్పని అప్పుడు తెలిసింది. మంచం కింద ఉన్న చెప్పు ఎంత మంచిదైతే ఏం లాభం? నలభై ఐదేళ్ల మనిషి నలుగురిలో జబ్బు మనిషిలా కనబడకూడదనుకోవడంలో సోకేమీ లేదు. చీరకు నప్పితేనే వేసుకుంటుంది, వేసుకుంటేనే నడుస్తుంది, నడిస్తేనే షుగర్ అదుపులో ఉంటుంది. అందుకే నా అభిప్రాయం: ఈ వయసులో చెప్పులు కొనేటప్పుడు సౌకర్యం కోసం అందాన్ని వదులుకోవద్దు, అందం కోసం సౌకర్యాన్ని అసలే వదులుకోవద్దు. రెండూ ఉన్నది దొరికేదాకా ఇంకో అంగడి ఎక్కండి. ప్రొద్దుటూరులో ముక్కుపుడక కొనడానికి రెండు గంటలు కూర్చుంటాం, పది ట్రేలు తీయిస్తాం. చెప్పులకు ఐదు నిమిషాలు కూడా కూర్చోం.

షుగర్ లేనివాళ్లు ఇది మా గురించి కాదనుకోకండి. గేటు దగ్గర మడమ ఎత్తి నిలబడే అమ్మగారిని ఒకరోజు అడిగాను. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టు ఉంటుందట, నాలుగడుగులు వేశాక తగ్గుతుందట. మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఒక గట్టి పొర ఉంటుంది, అది దెబ్బతింటే వచ్చే నొప్పి ఇలాగే ఉంటుంది. నలభై నుంచి అరవై మధ్య వయసులో ఎక్కువ. వయసుతో మడమ కింది కొవ్వు మెత్త పలచబడుతుంది, పాదం కాస్త వెడల్పవుతుంది. పెళ్లప్పుడు ఆరో నంబరు అయినంత మాత్రాన ఇప్పుడూ ఆరే అనుకోకూడదు. దానికి తోడు మన ఇళ్లలో నేలంతా కడప బండలే. ఎండాకాలం చల్లగా ఉంటాయని మనకు ఇష్టం, కానీ వాటి మీద ఉత్త కాళ్లతో పొద్దుటి నుంచి రాత్రి దాకా వంటింట్లో నిలబడితే మడమ ఊరుకోదు. ఇంట్లోకని ఒక మెత్తని జత విడిగా పెట్టుకుంటే మడి చెడిపోతుందని అత్తగారు అంటే, అది వీధిలో తిరగని చెప్పని చెప్పి చూడండి. (మా ఇంట్లో ఈ వాదన ఇంకా తేలలేదు.)

కొనడానికి సాయంత్రం పొండి. పగలంతా తిరిగాక పాదం కొంచెం ఉబ్బుతుంది, అప్పుడు సరిపోయింది ఎప్పుడైనా సరిపోతుంది. పుల్లతోనో దారంతోనో కొలత తీసి, టౌనుకు పోయేవాళ్ల చేతికిచ్చి తెప్పించుకునే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. పుల్ల పొడవు చెబుతుంది, వెడల్పు చెప్పదు. మనిషే పోవాలి. రెండు కాళ్లకూ వేసుకుని అంగడిలో నాలుగు సార్లు తిరగండి, పెద్దగా ఉన్న కాలికి సరిపోయిందే తీసుకోండి. తర్వాత చెప్పును చేతిలోకి తీసుకుని వంచండి. వేళ్ల మొదట్లో వంగాలి. సరిగ్గా మధ్యలో మడతపడిపోయినా, గుడ్డ పిండినట్టు మెలి తిరిగినా పక్కన పెట్టేయండి. మరీ చదునుగా కాకుండా మడమ దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు, కింద మందమైన సోలు ఉండాలి. మే నెల తారు రోడ్డు వేడి పలచటి సోలు గుండా పైకి వచ్చేస్తుంది.

అన్నిటికంటే నేను పట్టుబట్టేది మడమ వెనక పట్టీ గురించి. అది లేకపోతే చెప్పు జారిపోకుండా ప్రతి అడుగుకూ వేళ్లతో బిగించి పట్టుకుని నడుస్తాం. జమ్మలమడుగు బ్రాంచిలో ఉన్నప్పుడు తల్లిదండ్రులతో కలిసి గండికోట పోయాం. జామియా మసీదు దాటి పెన్నా లోయ అంచు దాకా పోయేసరికి, ఎగుడుదిగుడు బండల మీద సగం మంది అమ్మలు హీల్స్ చేతిలో పట్టుకుని ఉత్త కాళ్లతో ఎగురుతున్నారు. పట్టీ తెగిన ఇద్దరు నాన్నలు కూడా. హాయిగా లోయ చూసింది వెనక పట్టీ ఉన్న శాండల్స్ వేసుకున్నవాళ్లే. అయితే మనం గుడి దగ్గర, చుట్టాల గడప దగ్గర, చివరికి కంప్యూటర్ ల్యాబ్ దగ్గర కూడా చెప్పులు విడిచే మనుషులం. బకిల్ అయితే ప్రతిసారీ నడుం వంచాలి, వెల్‌క్రో అయితే ఒక్క లాగుడు. ఇప్పుడు వెల్‌క్రో పట్టీని పైన పూల డిజైనుతో కప్పేసినవి కూడా వస్తున్నాయి.

కొల్హాపురీల గురించి అడుగుతారని తెలుసు. 2019లో జీఐ గుర్తింపు పొందిన చెప్పులు, చీర మీదికి వాటి అందమే వేరు. గంటసేపు ఫంక్షనుకు వేసుకోండి. కానీ మెత్త లేని చదును తోలు అది, మడమ నొప్పి ఉన్నవాళ్ల నడకకు పనికిరాదు.

మంచి జతను "ఫంక్షన్లకు" అని బీరువాలో దాచొద్దు. పీయూ సోలు వాడకుండా ఏళ్ల తరబడి ఉంచితే గాలిలోని తేమకు లోపలే చెడిపోతుంది. పెళ్లి మండపంలో సోలు పొడిపొడిగా రాలిపోయిన అనుభవం మీలో ఎందరికి లేదు!

జూన్‌లో బడి తెరిచే ముందు పిల్లల బూట్లకు ఎలాగూ అంగడికి పోతారు. ఆ సాయంత్రమే మీ ఇద్దరికీ చెరొక జత చూడండి. ఫీజు టర్ము దగ్గరపడే రోజుల్లో ఈ మాట అంటున్నానని నాకు తెలుసు. అయినా అంటున్నాను. షుగర్ ఉన్నవాళ్లూ, కాళ్లు తిమ్మిరెక్కేవాళ్లూ మాత్రం ముందు డాక్టరుకు పాదాలు చూపించి, ఆయన చెప్పిన రకంలోనే అందమైనది వెతకండి.

అమ్మకు ప్రొద్దుటూరులో నాలుగో అంగడిలో దొరికాయి. లోపల అదే ఎంసీఆర్, పైన మెరూన్ రంగు పట్టీలు, అంచుకు సన్నటి బంగారు రంగు గీత. మొన్న మా చిన్నాన్న కూతురి పెండ్లికి వేసుకుంది. కాళ్లకేమైందని ఎవరూ అడగలేదు, ఎక్కడ కొన్నావని ఇద్దరు అడిగారు. ఇప్పుడు సాయంత్రం నడకకు బయలుదేరే ముందు గడప మీద కూర్చుని రెండింటినీ తలకిందులు చేసి తట్టి, లోపల వేళ్లతో తడిమి చూసుకుని మరీ వేసుకుంటుంది.