ప్రేమకు కొదువ లేదు, తీరికకే కరువు

పల్నాట తల్లిప్రేమ అనగానే గుర్తుకొచ్చే పేరు ఐతాంబ. కారెంపూడి యుద్ధానికి పోతానన్న ఒక్కగానొక్క కొడుకు బాలచంద్రుణ్ణి ఆపాలని ఆ తల్లి పడిన ఆరాటం, శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న వీరచరిత్ర చదివినవారికీ, వీరవిద్యావంతుల నోట ఆ కథ విన్నవారికీ మరపుకు రాదు. అటువంటి నేలమీద కూడా "ఈ కాలపు తల్లులకు పిల్లలంటే పట్టింపు లేదు" అన్న మాట తరచు వినవలసి వస్తోంది. మొదటి మూడేళ్ళలో బిడ్డకు దక్కిన లాలన మీదే జీవితమంతా ఆధారపడి ఉంటుందనీ, శాస్త్రజ్ఞులే ఆ మాట తేల్చారనీ సభల్లో ఉపన్యసిస్తున్నారు. శాస్త్రజ్ఞులు చెప్పినదాంట్లో సగం వదిలేసి, మిగతా సగంతో తల్లిని దోషిగా నిలబెట్టడం నాకు న్యాయంగా తోచదు.

ఈ ఆలోచనకు ఆద్యుడు జాన్ బౌల్బీ అనే ఆంగ్లేయ వైద్యుడు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఇల్లూ వాకిలీ కోల్పోయిన పిల్లల స్థితిగతులపై ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం ఆయన 1951లో ఒక నివేదిక రాశాడు. తిండికీ శుభ్రతకూ లోటు లేని సంస్థల్లో సైతం, తనదంటూ ఒక మనిషి లేని బిడ్డ కుంగిపోతుందన్నది దాని సారాంశం. ఆ మనిషి తల్లి కావచ్చు, తల్లి స్థానంలో స్థిరంగా నిలిచే మరొకరూ కావచ్చు. తల్లిదండ్రులకు సమాజం అండగా నిలవకపోతే వారు బిడ్డకు అండ కాలేరని కూడా ఆయన ఆ నివేదికలోనే వాదించాడు. మన ఉపన్యాసకులు వదిలేస్తున్న సగం ఇదే.

ఇంతకీ అనుబంధం ఎలా ఏర్పడుతుంది? బిడ్డ ఏడుస్తుంది, ఎవరో వచ్చి ఎత్తుకుంటారు. భయపడుతుంది, ఎవరో గుండెకు హత్తుకుంటారు. ఇది రోజుకు పదులసార్లు, నెలల తరబడి జరిగితే, "పిలిస్తే పలికేవారున్నారు" అన్న నమ్మకం మాటలు రాకముందే బిడ్డలో పాదుకుంటుంది. రేపు స్నేహంలో, దాంపత్యంలో ఎదుటివారిని నమ్మడానికీ, కోపాన్ని అదుపు చేసుకోవడానికీ అదే తొలి పెట్టుబడి. బౌల్బీతో పనిచేసిన మేరీ ఐన్స్‌వర్త్ 1950లలో ఉగాండా పల్లెల్లో 28 మంది పసిపిల్లలను నెలల తరబడి వారి ఇళ్ళలోనే గమనించింది. ఆ తల్లులు తోటల్లో పనిచేసేవారే, ఆ బిడ్డలను పలువురు ఎత్తుకునేవారే. అయినా వారిలో చాలామంది తల్లులతో చక్కని అనుబంధం పెంచుకున్నారు. కాబట్టి తల్లి పనికి పోవడం దానంతట అదే కీడు కాదు. పిలుపుకు బదులు దొరుకుతోందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

మరొక సంగతి. అమెరికాలోని మిన్నెసోటాలో 1970ల మధ్యన పేద తల్లుల బిడ్డలపై మొదలైన అధ్యయనం, వారు పెద్దవారయ్యేదాకా సాగింది. పసితనంలో భద్రత ఎరిగిన పిల్లలు, మొత్తం మీద, తోటివారితో మెరుగ్గా మెలగడం అందులో కనిపించింది. అయితే అనుబంధం తలరాత కాదనీ తేలింది. తరువాత దొరికిన ఆసరా కొందరి దారి మార్చింది, తరువాత వచ్చిపడిన కష్టాలు మరికొందరి దారినీ మార్చాయి.

ఇక మన మిరప చేలకు వద్దాం. కోతల కాలంలో కర్నూలు పడమటి ప్రాంతం నుంచి, ఆదోని, కోసిగి వైపు నుంచి, కుటుంబాలకు కుటుంబాలే పల్నాటికి వలస వస్తాయి. ఊరి చివర గుడారాలు, పొద్దు పొడవకముందే చేలో పని. చాలాచోట్ల కూలి కిలోల లెక్కన. గట్టున వేపకొమ్మకు కట్టిన చీర ఉయ్యాలలో బిడ్డ ఏడిస్తే తల్లికి వినపడకపోదు. కానీ లేచిన ప్రతిసారీ ఆమె సంచిలో కాయ తగ్గుతుంది. అంటే బిడ్డ పిలుపుకు పలికినందుకు ఆమెకు కూలి కోత పడుతోందన్నమాట! ఉయ్యాల ఊపే పని ఎనిమిదేళ్ళ అక్కమీద పడుతుంది. దాంతో ఆ పిల్ల బడి పోతుంది. బిడ్డను ఊళ్ళో అవ్వ దగ్గర వదిలి వచ్చేవారూ ఉన్నారు. అవ్వ దగ్గర పెరగడం లోటు కాదు. అయితే అవ్వకు అలవాటుపడిన బిడ్డను ఒక్కసారిగా పెరికి హాస్టల్లో నాటడం రెండవ ఎడబాటు అవుతుందని గుర్తించేవారేరీ?

చట్టాలు ఈ సంగతి ఎరగనివి కావు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం, పనిచోటికి ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురు లేదా అంతకు మించి వస్తే, వారిని చూసుకోవడానికి ఒక స్త్రీని నియమించి ఆమెకూ కూలి ఇవ్వాలంది. కానీ అది ప్రభుత్వ పనులకు సంబంధించిన నియమం, మిరప చేనికి దాని నీడ పడలేదు. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. ఆరు నెలల నుంచి ఆరేళ్ళ వయసు పిల్లలకు పగటి సంరక్షణ కోసం కేంద్రం తెచ్చిన "పాల్నా" పథకం కూడా ఆ ఏడాదిదే. హిందీలో పాల్నా అంటే ఉయ్యాల. ఆ ఉయ్యాల చేనిగట్టు దాకా రావాలన్నదే నా వాదన.

కోతలు సాగే నాలుగు నెలలూ వలస కూలీలు దిగిన ప్రతి ఊళ్ళో ఒక శిశుసంరక్షణ కేంద్రం ఉండాలి. తల్లి చేనికి బయలుదేరే వేళకే అది తెరవాలి. రోజుకొకరు కాక, అన్నాళ్ళూ ఒకే మనిషి ఆ పిల్లల్ని చూడాలి. ఆ వలస స్త్రీలలోనే ఒకరికి కూలి ఇచ్చి కూర్చోబెడితే బిడ్డలకు యాసా, ముఖమూ కొత్త కావు. పాలిచ్చే తల్లి లేచి వెళ్ళిన సమయానికి కూలి కోత ఉండకూడదు. ధర పడిపోతే అప్పుల పాలయ్యే రైతు మీద ఈ భారమంతా మోపమని నేననను. కాయ గుంటూరు యార్డుకు చేరాక దానిమీద బతికేవారు ఎందరో ఉన్నారు. మార్కెట్ రుసుము వసూలు చేసే ప్రభుత్వం ఈ ఖర్చు భరించలేదా?

తండ్రి పాత్ర సంగతి కూడా చెప్పకపోతే మాట పూర్తి కాదు. బిడ్డకు కావలసిన "తనదైన మనిషి" తండ్రీ కావచ్చు. అతడూ అదే చేలో, పక్క సాలులోనే కాయ కోస్తున్నాడు. బిడ్డ ఏడ్చినప్పుడు అతడు లేచినా తూకం తగ్గేది ఆ ఇంటిదే. అందువల్ల దీన్ని ఆలుమగల తగవుగా మార్చినా పరిష్కారం దొరకదు.

తల్లికి ప్రేమ ఎలా చూపాలో నేర్పడానికి మనం ఖర్చు పెడుతున్న మాటలు ఇక చాలు. ఆమెకు ప్రేమ నేర్పనక్కరలేదు. ఆ ప్రేమ చూపడానికి అడ్డుపడుతున్న కాటాను కాస్త పక్కకు జరపాలి.