పైన పచ్చన, కింద పులికంప



అడవిని ఆకాశం నుంచి చూసి లెక్కగడుతున్నంత కాలం మన చేలకు రక్షణ లేదు.

ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా అడవి విస్తీర్ణానికి చెట్ల తలల నీడే కొలత. 70 శాతం, ఆపైన నీడ ఉంటే చాలా దట్టమైన అడవి. 40 నుంచి 70 దాకా ఓ మోస్తరు దట్టం, 10 నుంచి 40 దాకా పలుచన. ఒక హెక్టారులో 10 శాతం నీడ ఉంటే చాలు, చెట్టు ఏదైనా, భూమి ఎవరిదైనా అడవి విస్తీర్ణమే. దామలచెరువు పక్క తోతాపురి తోట కూడా ఆ లెక్కలోకి రావచ్చు!

మరి ఆ నీడ కింద ఏముంది? ఆవుకైనా, జింకకైనా కడుపు నిండేది అక్కడే. బోదగడ్డి ఉంటే మేత, కొట్టానికి కప్పు. చిట్టీత ఉంటే పొరకలు కట్టేవాళ్లకు నాలుగు రూపాయలు. పులికంప, అదే లాంటానా, కమ్ముకుంటే గడ్డి మొలవదు, మనిషి దూరలేడు, ఆకు తిన్న పశువుకు విషం. పై నుంచి చూస్తే మాత్రం మూడూ పచ్చనే.

పలమనేరు, కుప్పం వైపు 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు. కందకాలు తవ్వారు, సోలార్ కంచెలు వేశారు, 2025లో కర్ణాటక నుంచి కుంకీ ఏనుగులను తెచ్చారు. అన్నీ ఏనుగును ఆపే, తరిమే పనులే. చెరకు, వరి రుచి మరిగి ఏనుగు వస్తోందంటారు. నిజమే. కానీ లోపల మేత ఎంత మిగిలిందో చెప్పకుండా తప్పంతా పంట మీద వేస్తే ఒప్పుకునేదెలా?

ఇది కొత్త ఆలోచన కాదు. ఫిన్లాండ్‌లో కాయాండర్ అనే అటవీ శాస్త్రవేత్త 1909లోనే చెట్ల కింది మొక్కలను బట్టి అడవులను తరగతులుగా విడదీశాడు. తర్వాత ఆ దేశానికి ప్రధాని కూడా అయ్యాడు. మన గొర్రెల కాపరికి ఆ విద్య పుట్టుకతోనే వచ్చు. ఏ గుట్టలో గడ్డి, ఏ వంకలో కంప అని అడిగితే చెబుతాడు. అడిగేవాళ్లే లేరు. నమూనా ప్లాట్లలో కింది మొక్కలనూ రాసుకుంటారు గానీ, ఆ లెక్క మన ఊరి పక్క బీటు దాకా దిగదు.

కాబట్టి మన డిమాండ్లు ఇవి:

1. ప్రతి బీటునూ గడ్డి నేల, ఈతపొదల నేల, ముళ్లపొదల నేల, పులికంప నేల, రాతి నేల అని విడదీసి పటం గీయాలి. సర్వేలో కాపరులను, యానాదులను కూర్చోబెట్టాలి. పటాన్ని గ్రామసభ ముందు పెట్టాలి.

2. పులికంప నేలలో కాయ పండకముందే వేరు మొదలు నేల లోపల నరికి, తలకిందులుగా ఆరబెట్టి, ఆ చోట స్థానిక గడ్డి విత్తనం చల్లాలి. పైపైన కొడితే మళ్లీ చిగురిస్తుంది. ఈ పనికి కూలి ఊరివాళ్లకే దక్కాలి.

3. గడ్డి నేలలో గుంతలు తవ్వి మొక్కలు నాటి, అడవి పెంచామని చెప్పుకోవడం ఆపాలి.

4. పంట నష్టం జరిగిన ఊళ్లను ఈ పటం పక్కన పెట్టి చూసి, ఏ బీటులో మేత పని ముందు చేయాలో తేల్చాలి.

అడవిలో మేత పెంచండి. ఆ తర్వాత మా చేల గురించి మాట్లాడండి!