మా ప్యాసింజరు మాకు కావాలి

ప్యాసింజరు బండి అంటే పెద్దమనుషులకి నవ్వులాట. "ప్రతి చెట్టు దగ్గరా ఆగుద్దండీ అది" అంటారు. ఆగుద్ది, నిజమే. ఆ చెట్టు కింద నిలబడేది మా జనమే. చంకలో పిల్ల, నెత్తిన బియ్యం మూట, చేతిలో సద్దిగిన్నెతో మాలపల్లె నుంచి, మాదిగ గూడెం నుంచి, తండా నుంచి నడిచొచ్చి ఆ బండి కోసం నిలబడతారు. బండి అక్కడ ఆగకపోతే వాళ్లకి రైలే లేనట్టు. ఈ సంగతి ఏసీ పెట్టెలో పడుకునే వాళ్లకి తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా వాళ్లకి ఎప్పుడూ రాలేదు.

2020 మార్చిలో దేశమంతా ప్యాసింజరు బళ్లు ఆపేశారు. రోగం వచ్చింది, ఆపారు, సరే అనుకున్నాం. కానీ ఆగింది మనుషుల బళ్లే, సరుకు బళ్లు ఆగలేదు. 2020 మే 8 తెల్లవారుజామున మహారాష్ట్రలో ఔరంగాబాద్ దగ్గర, ఊరికి నడిచిపోతూ అలిసిపోయి, రైళ్లు తిరగడం లేదు కదా అని పట్టాల మీద నిద్రపోయిన 16 మంది కూలీల మీదుగా గూడ్సు బండి వెళ్లిపోయింది. వాళ్లు దాచుకున్న రొట్టెలు పట్టాల మధ్య పడి ఉండటం దేశమంతా చూసింది. అంతకు వారం ముందే, మే 1న, మన లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి మొదటి శ్రామిక్ బండి కదిలింది. ఆ బళ్లలో మొత్తం 63 లక్షల మందిని చేరవేశామని సర్కారే లెక్క చెప్పింది. ఈ దేశంలో దూరం పోయి బతికే పేదోడు ఎంతమంది ఉన్నాడో అప్పుడు ఢిల్లీకి కూడా తెలిసింది. తెలిసి ఏం చేశారు? వాడు ఎక్కే బండినే మార్చేశారు.

ఎలా మార్చారో చెప్పుకుందాం. బళ్లు తిరిగి వచ్చేటప్పుడు నంబరు ముందు సున్నా పెట్టి "స్పెషల్" అన్నారు. పది రూపాయల టికెట్టు ముప్పై అయింది. అదే పెట్టె, అదే చెక్క బల్ల, స్పెషల్ ఏమిటంటే చార్జీ ఒక్కటే. నాలుగేళ్లు అలా వసూలు చేసి 2024 ఫిబ్రవరిలో, పార్లమెంటు ఎన్నికల ముందు, మళ్లీ పాత చార్జీకి దించారు. దించారు కదా అని సంతోషపడేలోపే ఇంకో మెలిక బయటపడింది. 2020 జూన్‌లోనే రైల్వే బోర్డు, 200 కిలోమీటర్లు దాటి పోయే ప్యాసింజర్లని ఎక్స్‌ప్రెస్‌లుగా మార్చమని జోన్లకి చెప్పింది. అలా పేరు మారిన బళ్లకి ఈ తగ్గింపు దక్కలేదు. చార్జీ దిగింది ప్యాసింజరుకి. మాది ఇప్పుడు ప్యాసింజరు కాదట!

హుబ్లీ–విజయవాడ ప్యాసింజర్ని చూడండి. హుబ్లీలో బయల్దేరి గదగ్, బళ్లారి, గుంతకల్, డోన్, నంద్యాల, గిద్దలూరు, మార్కాపురం, నరసరావుపేట, గుంటూరు మీదుగా బెజవాడ చేరే బండి. అది ఉత్త బండి కాదు. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు వానలు లేక ఊళ్లకి ఊళ్లు ఎండిపోతే, జనవరి వచ్చేసరికి ఇళ్లకి తాళాలేసుకుని కుటుంబాలు గుంటూరు మిరప కోతలకి కదులుతాయి. ముసలోళ్లని ఊళ్లో వదిలి, బడి ఈడు పిల్లల్ని వెంటేసుకుని పోతారు. ఆ వైపు నుంచి ఈ వైపుకి పోయే దారి ఈ లైనే. పెట్టుబడి పెట్టి పోయే ప్రయాణం కాదది, అప్పు మీద పోయే ప్రయాణం. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, అందులోంచి టికెట్టు కొనాలి. చార్జీ పెరిగితే ఆ పెరిగింది మేస్త్రీ పద్దులో మన పేరు కిందే పడుద్ది. రైలు అందుబాటులో లేకపోతే లారీ ఎక్కుతారు, బొలెరోలో ముప్పై మంది కుక్కుకుంటారు. అవి బోల్తా పడ్డప్పుడు పేపర్లో ఒక మూల "కూలీల దుర్మరణం" అని వేస్తారు. ఏ బండి లేక ఆ లారీ ఎక్కారో ఏ పేపరూ రాయదు.

ఈ బండి ఇప్పుడు హుబ్లీ–విజయవాడ ఎక్స్‌ప్రెస్. కాచిగూడ నుంచి తెనాలి మీదుగా రేపల్లె పోయే డెల్టా ప్యాసింజరు కూడా డెల్టా ఎక్స్‌ప్రెస్ అయింది. పేరులో ఏముందని అనొద్దు. 2025 జూలై 1న చార్జీలు పెంచినప్పుడు ఆర్డినరీ సెకండ్ క్లాసుకి 500 కిలోమీటర్ల దాకా పెంపు లేదన్నారు, ఎక్స్‌ప్రెస్‌కి మాత్రం కిలోమీటరుకి పైసా వేశారు. పేదోడికి మినహాయింపు ఇచ్చామని చెప్పుకుంటారు. ఆ మినహాయింపు దక్కే బండిలోంచి వాణ్ణి ముందే దించేశారు. 2022 అక్టోబరు టైంటేబుల్లో ఇంకో 130 ఎక్స్‌ప్రెస్‌లని సూపర్‌ఫాస్ట్ చేశారు. సూపర్‌ఫాస్ట్ అంటే జనరల్ టికెట్టు మీద కూడా 15 రూపాయలు అదనం. మరి ఆ వేగం వచ్చిందా? 2017లో కాగ్ చెప్పిందేమంటే, మన దక్షిణ మధ్య రైల్వే, ఉత్తర మధ్య రైల్వే కలిసి సూపర్‌ఫాస్ట్ వేగం అందుకోని బళ్లకి కూడా 11 కోట్ల పైచిలుకు ఆ అదనం వసూలు చేశాయని. మేం చెప్తే దళితులు ఊరికే అరుస్తారంటారు. ఇది సర్కారు ఆడిటరే రాసిన మాట.

ప్యాసింజరు మళ్లీ వెయ్యమంటే ఆఫీసర్లు చెప్పే మొదటి అడ్డంకి లైను ఖాళీ లేదని. ఇందులో నిజం ఉంది, కొట్టిపారెయ్యం. ఒకే లైను మీద గూడ్సు, ఎక్స్‌ప్రెస్, ప్యాసింజరు అన్నీ నడవాలంటే ఎవడో ఒకడు లూప్ లైన్లో ఆగాలి. ఎప్పుడూ ఆగేది మాత్రం మేమే. వెనక వందే భారత్ వస్తుంటే ముందు మా బండిని పక్కకి నెట్టి నిలబెడతారు. మా కూలీ రోజు పోయినా ఎవరూ లెక్కగట్టరు. అయితే గుంటూరు–గుంతకల్ మధ్య 401 కిలోమీటర్ల రెండో లైను 2016-17లో మంజూరైంది. దాని పని చాలా దూరం వచ్చింది. ఒక్క లైను ఉన్నప్పుడు నడిచిన ప్యాసింజరు రెండో లైను వచ్చాక నడవదా? కొత్త లైను ఎవరి కోసం వేసినట్టు?

రెండో మాట నష్టం. ప్రయాణ ఖర్చులో సగటున 57 శాతమే వసూలవుతోందని టికెట్టు మీదే అచ్చేశారు, దానం చేస్తున్నట్టు. ఊళ్లో రోడ్డు వేసి, నడిచేవాడి దగ్గర ఖర్చు రాలేదని రోడ్డు తీసేస్తారా?

మూడోది అన్నిటికంటే మోసం. మీ హాల్టులో టికెట్లు తెగడం లేదు కాబట్టి బండి ఆపం అంటారు. బండి ఆగకుండా టికెట్టు ఎవడు కొంటాడు? ముందు బండి తీస్తారు, తర్వాత ఆదాయం లేదంటారు, తర్వాత హాల్టుకే తాళం వేస్తారు. కమీషన్ మీద టికెట్లు అమ్ముకునే ఏజెంటు పొట్ట కూడా అక్కడే కొట్టినట్టు.

ఆడోళ్లకి బస్సు ఫ్రీ కదా అని మనలోనే కొందరంటున్నారు. తెలంగాణలో 2023 డిసెంబరులో వచ్చింది, ఆంధ్రలో 2025 ఆగస్టులో వచ్చింది, మంచిదే. కానీ మగోడికి టికెట్టు, రాష్ట్రం దాటితే మళ్లీ టికెట్టు. రెండు నెలల తిండి గింజలు, వంట సామాను బస్సులో ఎవడు ఎక్కించుకుంటాడు?

1901లో బాబాసాహెబ్ చిన్న పిల్లాడిగా సాతారా నుంచి తండ్రి దగ్గరికి బయల్దేరి మసూరు స్టేషన్లో దిగాడు. టికెట్టు కొన్నారు కాబట్టి రైలు ఆ పిల్లల్ని తెచ్చి దించింది. స్టేషన్ బయట ఎడ్లబండి వాళ్లు మాత్రం మహార్లని తెలిసి ఎక్కించుకోలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకోవాల్సి వచ్చింది. రైలంటే మనకి అందుకే మక్కువ. మా ఊళ్లలో ఇప్పటికీ దొరగారి ట్రాక్టరు మీద పోవడానికీ, టికెట్టు కొని రైలెక్కడానికీ తేడా ఉంది.

డివిజన్ స్థాయిలో రైలు వాడకందార్ల సలహా సంఘాలున్నాయి. అందులో చాంబర్ ఆఫ్ కామర్స్ వాళ్లుంటారు, ఎంపీలు చెప్పినవాళ్లుంటారు. వ్యవసాయ కూలీ ఎక్కడుంటాడు? రిజర్వుడు సీట్లలో గెలిచిన మన ఎంపీలు కూడా వందే భారత్‌కి జెండా ఊపడానికి పరిగెత్తుతారు గానీ, ప్యాసింజరు కోసం ఎంతమంది నోరు తెరిచారు?

కాబట్టి మిరప కోతల సీజను లోపే పని మొదలెట్టాలి. ప్రతి పల్లెలో, 2020కి ముందు మీ స్టేషన్లో ఏ బండి ఎన్ని గంటలకి ఆగేదో, ఇప్పుడు ఏది ఆగడం లేదో, కూలికి పోయేవాళ్లు ఎందరో ఒక కాగితం మీద రాయండి. పాత టికెట్టు ముక్క దొరికితే దానికి కుట్టండి. వేలిముద్రలైనా సంతకాలే. ఒక కాపీ గుంతకల్ డీఆర్ఎం ఆఫీసుకి, ఒకటి గుంటూరు డీఆర్ఎం ఆఫీసుకి ఇచ్చి, రసీదు స్టాంపు వేయించుకోకుండా గడప దిగొద్దు. మూడో కాపీ మీ ఎంపీ ఇంటికి పదిమంది కలిసి తీసుకెళ్లండి. మన అడుగుడు ఇంతే: పాత హాల్టులు, పాత పేరు, ఆర్డినరీ చార్జీ.