తుపాకి కొట్టుకు వెళ్లేముందు ఒక్కమాట



వేరుశనగ ఊడలు దిగే వేళ, మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళ అడవి పందుల గుంపు ఒక్క రాత్రి చేలో పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. తెల్లారి గట్టు మీద నిలబడ్డ మనిషి నోట వచ్చే మొదటి మాట ఒకటే: "చేతిలో తుపాకి ఉంటేనా!" ఆ మాట పట్టుకునే మనలో కొందరు రైలెక్కి నాంపల్లి స్టేషన్లో దిగి, అబిడ్స్ వైపు తుపాకి కొట్లు వెతుక్కుంటూ పోతున్నారు. మా ఊరి పెద్దాయన ఒకరు వెళ్తుంటే తోడుగా నేనూ వెళ్లాను. అక్కడ చూసింది చూసినట్టు మీతో చెప్పుకోవాలనే ఈ నాలుగు ముక్కలు.

మొదటి కొట్లో బ్యాంకు గార్డు ఒకడు తూటాలు కొంటున్నాడు. కారు దిగి వచ్చినాయనకు కుర్చీ వేశారు, చాయ్ తెప్పించారు. మా పెద్దాయన ధోతి, భుజం మీద తువ్వాలు చూసి మాత్రం తల ఎత్తకుండానే "లైసెన్స్ హై క్యా?" అన్నారు. లేదనేసరికి "లేకే ఆవో" అని తలుపు చూపించారు. లైసెన్సు లేనివాడికి తుపాకి అమ్మితే ఆ కొట్టుకే తాళం పడుతుంది, నిజమే. అమ్మమని మేం కూడా అడగలేదు. ఏ కాగితం కావాలో, ఎవరిని అడగాలో రెండు ముక్కలు చెప్పి పంపితే వాళ్ల సొమ్మేం పోయింది?

రెండో కొట్లో ఒక ముసలాయన కూర్చోమన్నాడు, మంచినీళ్లిచ్చాడు. అంతా విని ఒకే మాట చెప్పాడు: "లైసెన్సు వస్తే మీకు తుపాకి వస్తుంది. పందిని కొట్టే హక్కు దాంతో రాదు." ఇంత ఖర్చు పెట్టుకుని పట్నం పోయినందుకు మాకు దక్కిన లాభం ఆ మాటే. మీరు కూడా అది గుర్తుపెట్టుకోండి.

ఒకప్పుడు సంగతి వేరు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పెద్ద వేటగాడు. ఆయన కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ అబిద్ పెట్టిన దుకాణం వల్లే అబిడ్స్‌కు ఆ పేరు వచ్చింది. ఆ పక్కనే ఉన్న గన్‌ఫౌండ్రీ, 1795లో ఫ్రెంచి సేనాని రేమండ్ ఫిరంగులు పోత పోయించిన చోటు. దొరలు, నవాబులు షికారుకు పోయిన కాలం అది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1991 సవరణతో షికారు పూర్తిగా మూతపడింది. ఇప్పుడు తుపాకి కొట్టు మెట్లెక్కేది కాపలావాళ్లు, గురి పోటీల కుర్రాళ్లు, ఆత్మరక్షణకు లైసెన్సు తీసుకున్నవాళ్లు, చివరికి చేను పోగొట్టుకున్న మనం.

మనకు కావలసిన అనుమతులు రెండు. మొదటిది తుపాకి లైసెన్సు. పంట రక్షణకు మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వాలని 1959 ఆయుధ చట్టంలోనే ఉంది. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే వేరే నున్నటి గొట్టం తుపాకికి కూడా ఇవ్వవచ్చు. అంటే ఇది ఎవరి దయాధర్మమూ కాదు, అడగవలసిన విషయమే. దరఖాస్తుపై పోలీసు విచారణ ఉంటుంది. లైసెన్సు వస్తే 2019 సవరణ ప్రకారం అయిదేళ్లు చెల్లుతుంది.

రెండోది, అసలైనది, అటవీ శాఖ అనుమతి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న కొత్త జాబితాల ప్రకారం అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. అది నిలిచిన పంటకు ముప్పుగా మారిందని తేలితే, చట్టంలోని 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గాని, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గాని కారణాలు రాసి అనుమతి ఇవ్వాలి. ఆ కాగితం లేకుండా కాలిస్తే సొంత చేలో నిలబడి కాల్చినా నేరమే.

లైసెన్సు ఉన్నవాళ్లు కొట్లో అమ్మకం, తూటాల లెక్క పుస్తకంలో తమ ఎదుటే రాయించుకోండి. బిల్లు లేకుండా గుమ్మం దిగవద్దు. ఎన్నికలొస్తే తుపాకి జమ చేయమంటారు. 2023లో శాసనసభ ఎన్నికల కోడ్ వచ్చింది అక్టోబరులో, సరిగ్గా పంట చేల మీద ఉన్నప్పుడే! స్టేషన్లో జమ చేసినా, కొట్లో అద్దెకు దాచినా రసీదు తీసుకోండి.

కొందరు "ఎయిర్‌గన్‌కు లైసెన్సు అక్కర్లేదట గదా" అంటారు. 0.177 అంగుళం గొట్టానికి, 20 జౌళ్ల శక్తికి మించనంత వరకు అక్కర్లేదు. అయితే దాంతో పంది చావదు, గాయపడి మనిషి మీదికి వస్తుంది. పొరపాటున నెమలిని కొట్టారా, మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల వరకు జైలు. ఇక దొంగచాటు బర్మారు తుపాకి దొరికితే రెండేళ్ల నుంచి అయిదేళ్లు. కార్బైడ్ గొట్టాల సంగతి 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో చూశాం, ఎందరో పిల్లల కళ్లు దెబ్బతిన్నాయి. చేను చుట్టూ కరెంటు తీగ లాగడం వీటన్నిటికంటే ఘోరం. పంది కోసం పెట్టిన తీగకు పక్క రైతు పడితే, ఒకేసారి రెండు ఇళ్లు కూలుతాయి.

మరి చేతులు కట్టుకుని కూర్చోవాలా? వద్దు. వేరుశనగ చుట్టూ నాలుగు వరుసలు కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం వేసుకుంటే పందుల రాక తగ్గుతుందని రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. మంగలి షాపులో ఊడ్చిన వెంట్రుకలు గట్ల వెంట చల్లడం ఖర్చులేని పని. నలుగురు కలిసి సోలార్ కంచె వేసుకుంటే అది ప్రాణం తీయదు, ఝల్లుమనిపించి తరిమేస్తుంది. అడవి జంతువుల వల్ల పోయిన పంటకు అటవీ శాఖ పరిహారం ఉంది, అదే రోజు ఫొటోతో దరఖాస్తు పెట్టండి. ఇలాంటి నష్టాన్ని 2026 వానాకాలం నుంచి ఫసల్ బీమాలో చేరుస్తున్నట్లు కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. 72 గంటల్లో తెలియజేయాలి, రాష్ట్రం నోటిఫై చేసిన చోటే వర్తిస్తుంది. మీ మండలంలో ఉందో లేదో వ్యవసాయాధికారిని నిలదీసి అడగండి.

నేను అడిగేవి రెండే. పంట కోతకొచ్చాక వచ్చే అనుమతి చేతులు కాలాక పట్టుకున్న ఆకు లాంటిది. కాబట్టి విత్తే నెలలోనే అటవీ, రెవిన్యూ, పోలీసు అధికారులు ఒకరోజు మండలంలో కూర్చుని దరఖాస్తులు తేల్చాలి. రెండోది, తుపాకి కొట్ల యజమానులకు. ఏ కాగితాలు కావాలో తెలుగులో రాసిన ఒక బోర్డు గోడకు తగిలించండి. మీకది పావుగంట పని, మాకు రానుపోను ఛార్జీలు, ఒక రోజు కూలి మిగులుతాయి.

మా పెద్దాయన ఆ సాయంత్రం తుపాకి లేకుండానే రైలెక్కాడు. దారిలో చాలాసేపు మాట్లాడలేదు. ఊరు దగ్గరపడ్డాక అన్నాడు: "వచ్చే పంటకు ముందు ఫారెస్టాఫీసుకు పోదాం, తర్వాత సంగతి తర్వాత." మీరూ అక్కడే మొదలుపెట్టండి.