గుట్ట పగలగొట్టే ముందు పిట్టను వెతకాలి

కొండ పొద పిగిలి ఊళ్లలో కనిపించే పిగిలిపిట్టకు దగ్గరి చుట్టం. పొడవు జానెడు. దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. 1845లో దీన్ని శాస్త్రానికి పరిచయం చేసిన పక్షి శాస్త్రవేత్త జెర్డాన్ ఈ తెలుగు పేరును కూడా తన గ్రంథంలో ఎక్కించాడు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఎర్ర జాబితాలో ఇది ముప్పున్న జాతి. నల్లమలలో, హార్స్‌లీ కొండల్లో, కర్ణాటకలోని నంది కొండల్లో కనిపిస్తుంది.

దీనికి రెండూ కావాలి: పెద్ద బండలు, వాటి సందుల్లో ముళ్లపొదలు. చిన్న పండ్లు, పురుగులు తింటుంది. మహా బెదురు పిట్ట. తెల్లవారగానే కాసేపు బండ మీద, పొద కొసన కనబడి, అలికిడి కాగానే లోపలికి దూరుతుంది. తల పసుపు కలిసిన ఆకుపచ్చ, ఒళ్లు బూడిద రంగు, గొంతూ తోక కిందా నిండు పసుపు. తలపై జుట్టు ఉండదు. కంటిపై తెల్లని గీత ఉంటే అది మామూలు పొద పిగిలి. రెండింటి కూతా దాదాపు ఒకటే కాబట్టి చెవిని నమ్మి రాసుకోవడం పొరపాటు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నల్లమలకు చాలా ఉత్తరాన ఉన్నాయి. అయినా ఈ వైపు గుట్టలదీ అదే తీరు: బండలు, పరికి పొదలు, సీతాఫలం చెట్లు. పాత కరీంనగర్ జిల్లా రాయి టాన్ బ్రౌన్ పేరుతో విదేశాలకు వెళ్తోంది. క్వారీ రాయిని తీసుకుపోతే పొదా పోతుంది. కోసిన అడవి మళ్లీ మొలవవచ్చు, కోసిన గుట్ట మొలవదు. అక్కడ ఈ పిట్ట ఉందో లేదో తేల్చడం గుట్ట నిలిచి ఉన్నప్పుడే సాధ్యం.

అందుకే కొత్త క్వారీ లీజుకైనా, పాతదాని పొడిగింపుకైనా ముందు వానకాలంలో ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి, తెల్లవారుజామున గుట్టపై పక్షుల లెక్క తీయాలి. ఆ లెక్క గ్రామసభలో చదవాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు. 2002 జీవవైవిధ్య చట్టం 41వ సెక్షన్ ప్రకారం ప్రతి పంచాయతీలో, మున్సిపాలిటీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయించే పని దానిదే. గుట్టల పేర్లు, వాటిపై పిట్టలు అందులో చేరితే లీజు ఫైలు ముందు పెట్టడానికి ఊరి చేతిలో కాగితం ఉంటుంది. పొదలు మిగలాలంటే ఎండాకాలం గుట్టలకు నిప్పు పెట్టడం కూడా ఆపాలి.

గొర్ల కాపరులు, సీతాఫలాలు ఏరేవాళ్లు ఈ గుట్టలను అందరికన్నా బాగా ఎరుగుదురు. లెక్కకు ముందుగా పిలవాల్సింది వాళ్లనే. పసుపు గొంతు కనిపిస్తే తేదీ, వేళ, గుట్ట పేరు రాసుకోవాలి, దూరం నుంచే ఫొటో తీయాలి. ఫోన్‌లో కూత వినిపించి పిలవకూడదు. గూడు ఉన్న చోటు అటవీ అధికారికి, కమిటీకి తప్ప ఎవరికీ చెప్పకూడదు.