సైలెన్సర్ దగ్గరి ఆ డబ్బా ఎవరి కోసం?

ఆరోగ్య పత్రికలో మోటారు బండి సంగతులెందుకని అనుకోవద్దు. ఆయాసంతో, పిల్లికూతలతో ఆసుపత్రికి వచ్చే పిల్లల ఊపిరికీ దీనికీ దగ్గరి సంబంధం ఉంది.

పెట్రోలు కారులో ఇంజనుకూ సైలెన్సర్‌కూ మధ్య పొగగొట్టంలో ఒక డబ్బా ఉంటుంది. దాని పేరు క్యాటలిటిక్ కన్వర్టర్. లోపల తేనెపట్టులా సన్నని రంధ్రాలున్న పింగాణీ దిమ్మె, ఆ రంధ్రాల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం వంటి ఖరీదైన లోహాల పలుచని పూత. మొత్తం కలిపినా కొద్ది గ్రాములే. (క్యాన్సర్ రోగులకు ఎక్కించే సిస్‌ప్లాటిన్ మందులో ఉన్నదీ ఈ ప్లాటినమే.) ఈ లోహాలే ఉత్ప్రేరకాలు. పెళ్ళిళ్ళ పేరయ్యలా ఇద్దరినీ కలుపుతాయి గాని, ఆ సంసారంలో తాము చేరవు. వీటి మీదుగా పోయేటప్పుడు విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ బొగ్గుపులుసు వాయువుగా మారుతుంది. కాలీ కాలని పెట్రోలు ఆవిరి పూర్తిగా కాలిపోతుంది. నైట్రోజన్ ఆక్సైడ్లు విడిపోయి, మనం ఎప్పుడూ పీల్చే నత్రజనిగా బయటికి వస్తాయి.

ఈ డబ్బాకు బద్ధశత్రువు సీసం. ఇంజను కొట్టుకోకుండా ఉండాలని పూర్వం పెట్రోలులో సీసం కలిపేవారు. అది పిల్లల మెదడుకు చేటని వైద్యులు ఎప్పటినుండో చెబుతూనే వచ్చారు. అమెరికాలో 1975 మోడల్ కార్లకు కన్వర్టర్లు వచ్చాక, సీసం వాటిని పాడుచేస్తుంది కాబట్టి సీసం లేని పెట్రోలు అమ్మక తప్పలేదు. మన దేశంలో 1995 ఏప్రిల్ 1 నుండి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్ తప్పనిసరి చేశారు. 2000 ఫిబ్రవరి నుండి దేశమంతటా సీసం లేని పెట్రోలే. పసిపిల్లల మెదడు పేరు చెబితే కదలనివారు, యంత్రం పాడవుతుందనగానే కదిలారని నాకనిపిస్తుంది. ఏమైతేనేం, మేలు జరిగింది.

ఇప్పుడు ఈ డబ్బాకు ముప్పు సీసం వల్ల కాదు, మన చేతుల వల్లే. డబ్బా మూసుకుపోయిందని చెప్పి కొన్ని షెడ్లలో దాన్ని కోసేసి ఖాళీ గొట్టం అతికిస్తారు. పికప్ పెరుగుతుందంటారు, మైలేజీ వస్తుందంటారు. లోపలి లోహాలకు ధర ఉంది కాబట్టి తీసినది పాత సామాన్ల కొట్టుకు చేరుతుంది. మన సంఘాల యువకుల్లో కూడా కొందరు మోటారు సైకిలుకు పెద్ద శబ్దం రావాలని వేరే సైలెన్సర్ బిగిస్తున్నారు. కంపెనీవారు అందులో అమర్చిన ఉత్ప్రేరకం దానితోపాటే పోతుంది.

డబ్బా లేకపోయినా బండి చక్కగా నడుస్తుంది, అసలు చిక్కు అక్కడే. బ్రేకు పోతే యజమానికి తెలుస్తుంది. ఇది పోతే తెలిసేది సిగ్నల్ దగ్గర వెనకాల స్కూటరు మీద తల్లి ఒళ్ళో కూర్చున్న పాపకు. ఆ పాప మన పొరుగువాడు కాదా?

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందిగా అంటారు. పెట్రోలు బండికి ఆ పరీక్షలో చూసేది ముఖ్యంగా కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లు. నైట్రోజన్ ఆక్సైడ్లను చూడరు. ఆస్తమా పిల్లల శ్వాసనాళాలను రేపేవి అవే. మన ఎండలో అవి పెట్రోలు ఆవిరితో కలిసి ఓజోన్ కూడా తయారవుతుంది. కాబట్టి ఆ కాగితం ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేము. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, వాయు కాలుష్య ప్రమాణాలు మీరే బండి నడిపితే పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు కూడా పడవచ్చు. అయితే బండి కిందికి వంగి చూసేవారెవరు?

2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్.6 బండ్లు చాలా నయం, కరెంటు బండ్లూ వస్తున్నాయి. మంచిదే గాని, పాత బండ్లు ఇంకా చాలా ఏళ్ళు మన రోడ్ల మీదే తిరుగుతాయి. కొత్త డీజిలు లారీలు, బస్సులు చాలావాటిలో యూరియా ద్రవం పోయాలి. దాని నుండి వచ్చే అమ్మోనియా ఉత్ప్రేరకం మీద నైట్రోజన్ ఆక్సైడ్లను విరగ్గొడుతుంది. ఖర్చు కలిసొస్తుందని పొలానికి వేసే వేపపూత యూరియాను నీళ్ళలో కరిగించి పోయవద్దని డ్రైవర్లకు చెప్పండి. అందులోని మలినాలతో ఉత్ప్రేరకం పాడవుతుంది.

వైద్యపరంగా ఇంకొక మాట. ఈ డబ్బా సుమారు 250, 300 డిగ్రీలు వేడెక్కితే గాని పని మొదలుపెట్టదు. చల్లటి ఇంజను స్టార్టు చేసిన మొదటి నిమిషాల్లో విషవాయువు అలాగే బయటికి వస్తుంది. కాబట్టి తలుపులు మూసిన షెడ్డులో ఇంజను ఆన్ చేసి ఉంచవద్దు. అలాంటి చోట ఎవరికైనా తలనొప్పి, తల తిరగడం, వాంతి వస్తే వెంటనే ఆరుబయటికి తెచ్చి, ఆసుపత్రికి తీసుకురండి. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు ఈ విషాన్ని గుర్తించదు. అంకె బాగానే కనిపిస్తుంది. అందుకే జరిగినదేమిటో డాక్టరుగారికి నోటితో చెప్పాలి.

నా మనవి మొదట మన మిషను వారికే. అంబులెన్సు, స్కూలు వ్యాను, పాస్టరుగారి జీపు సర్వీసింగుకు వెళ్ళినప్పుడు కన్వర్టర్ ఉందా, పనిచేస్తోందా అని అడిగి రాయించుకోవాలి. పాతబండి కొనేముందు కూడా కిందికి వంగి చూడాలి. పాడైతే కొత్తది ఖరీదే, కానుకల డబ్బుతో అంత ఖర్చెందుకని కమిటీలో ఎవరో ఒకరు తప్పక అంటారు. టైర్లకు పద్దు రాసినట్టే దీనికీ ఒక పద్దు ముందుగానే రాసిపెట్టుకుంటే ఆ వాదన ఉండదు.