వెలుతురు లెక్క కూలీకీ తెలియాలి

ముసురు పట్టిందంటే తెల్లారేసరికి చేపలు తేలతాయని కొల్లేటి ప్రాంతపు చెరువు గట్ల మీద కాపలా కాసే కూలీకి తెలుసు. ఇది గుడ్డి నమ్మకం కాదు, అనుభవం నేర్పిన శాస్త్రం.

చెరువు నీళ్ళలోని సన్నటి నాచు పగటి ఎండతో ప్రాణవాయువును తయారుచేస్తుంది. బొచ్చె, శీలావతి చేపలకు నీళ్ళలో సహజంగా దొరికే మేత కూడా ఆ వెలుతురు వల్లే పెరుగుతుంది. చీకటి పడ్డాక తయారీ ఆగిపోతుంది, ఖర్చు మాత్రం ఆగదు. నాచూ, చేపా, అడుగు బురదా ఆ వాయువునే వాడుకుంటాయి. అందుకే తెల్లవారుజామున అది బాగా పడిపోతుంది. మబ్బు రోజుల్లో తయారీయే తక్కువ కనుక చేప పైకొచ్చి నోరు తెరుస్తుంది, మేత ముట్టదు, ఎదగదు.

అలాగని నాచు ఎంత ముదిరితే అంత మంచిదనీ కాదు. మోచేతి దాకా చెయ్యి ముంచితే అరచెయ్యి కనబడనంతగా నీళ్ళు చిక్కబడితే ప్రమాదం. నీలిపచ్చ నాచు కొన్ని రకాలు పెరిగితే చేప కండకు మట్టి వాసన పడుతుంది. అలాంటి చేపను జనం ఇష్టపడరు.

నార్వేలో సాల్మన్ చేపల్ని పెంచే కంపెనీలు ఈ వెలుతురునే పెట్టుబడిగా వాడుకుంటున్నాయి. శీతాకాలంలో సముద్రపు వలగూళ్ళలో దీపాలు దించి, రాత్రింబగళ్ళు వెలిగిస్తాయి. దాంతో చేప త్వరగా పెరుగుతుంది, తొందరపడి గుడ్ల దశకు రాదు. ఆ దశకొస్తే కండలోని కొవ్వూ, ఎర్రటి రంగూ అటు తరలిపోయి మాంసం పాలిపోయి మెత్తబడుతుంది. ధర పడిపోతుంది. అందుకే అక్కడ ఏ నెలలో దీపం వెలిగించాలి, ఏ నెలలో ఆర్పాలి అన్నది లెక్క ప్రకారం సాగుతుంది.

మన చెరువులకు ఆ దీపాలు అక్కర్లేదు. మనకు ఎండ ఉచితం. కానీ ఆ ఎండ లెక్క చూసేదెవరు? నాలుగు గంటలకు గట్టు మీద నిలబడేది యజమాని కాదు, కూలీ. చేప తేలిందని ముందు చూసేదీ, ఏరియేటర్ వెయ్యడానికి పరిగెత్తేదీ అతనే. చేప చస్తే మాట పడేది కూడా అతనే! కౌలు చెల్లించి చెరువు పట్టిన చిన్న రైతుకు ఆ ఒక్క రాత్రితో ఏడాది కష్టం నీళ్ళపాలవుతుంది.

కాబట్టి మత్స్యశాఖ చెరువు గట్టుకే వచ్చి, కూలీలకు తెలుగులో నేర్పాలి. ప్రాణవాయువును కొలిచే సాధనం కాపలా కాసేవాడి చేతిలో ఉండాలి. మబ్బు రోజున మేత తగ్గించే హక్కూ, యంత్రం వేసే హక్కూ అతనికివ్వాలి. తడి గట్ల మీద కరెంటు ప్రాణాలు తియ్యకుండా జాగ్రత్తలు తీసుకోవాలి. రాత్రి పనికి వేరే కూలి కట్టాలి. మబ్బు చేసిన నష్టాన్ని కూలి డబ్బుల్లో కోయనివ్వకూడదు.

వెలుతురు చదవడం కూలీకి వచ్చు. ఆ చదువుకు విలువ కట్టించుకోవడం సంఘం పని.